లీలాబాయి లారీకి బొట్టు పెట్టిన సంగతి

కదలని బండిని కదిలించడానికి మనిషి ఎన్నో ఉపాయాలు కనిపెట్టాడు. తాడు ఉంది, గడ్డపార ఉంది, ఎద్దులు ఉన్నాయి, క్రేను ఉంది. వీటన్నిటికంటే గొప్పది ఆఫీసు. తాడు తెగుతుంది, ఎద్దు అలుస్తుంది. ఆఫీసు అలిసిపోయినట్టు మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. (మొదలుపెడితే కదా అలిసేది అని కొందరంటారు. వాళ్లకు ఓపిక తక్కువ.)

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. 1988లో మా ఊళ్లో కళ్లారా చూసి అంటున్నాను. మా ఊరు నస్పూర్ అవతల, బొగ్గుబాయిల నడుమ. పేరు మాత్రం రాయను. అప్పుడు ఆ ఆఫీసులో పనిచేసినవాళ్లు ఇప్పుడు పింఛన్ తీసుకుంటూ, ఫోన్లలో ఇట్లాంటివన్నీ చదువుతూ ఉంటారు. పెద్దవాళ్లు, నొచ్చుకుంటారు.

ఆ ఏడు వానాకాలంలో చొక్కారావు గారి లారీ ఒకటి ఇరుసు విరిగి మా వాడలో ఆగిపోయింది. చొక్కారావు బొగ్గు రవాణా కాంట్రాక్టరు. లారీ ఆగింది సరిగ్గా లీలాబాయి హోటల్ ముందర. డ్రైవరు దిగి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత లోపలి సీటు మీది మెత్త తీసుకున్నాడు, అద్దం ఊడదీసుకున్నాడు, చివరికి దేవుడి పటం చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. దేవుడినే తీసుకుపోయాడంటే ఇక ఆ బండి గతి ఏమిటో లీలాబాయికి అప్పుడే అర్థమైంది.

హోటల్ అంటే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్డు, రెండు బెంచీలు, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు, చాయ్. పెనిమిటి పోయాక లీలాబాయి ఇల్లూ, బతుకూ అన్నీ ఆ షెడ్డే. షిఫ్టు దిగిన కార్మికులు బాయి మీది నుంచి నడిచి వస్తూ, దూరం నుంచే పొయ్యి పొగ చూసి అటు తిరిగేవాళ్లు. లారీ అడ్డం నిలబడ్డాక వాళ్లకు పొగ కనబడలేదు, షెడ్డు కనబడలేదు, లీలాబాయి అసలే కనబడలేదు. ఆకలిగా ఉన్న మనిషి కనబడని హోటల్‌ను వెతుక్కుంటూ రాడు. ఇంకొంచెం ముందుకు నడిచి పూరీలు తినడం నేర్చుకున్నారు. పిసికిన పిండి సాయంత్రానికి అట్లాగే మిగలడం మొదలైంది.

లీలాబాయి చొక్కారావు ఇంటికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. మాకు చుట్టరికం ఏమీ లేదు, పక్కిల్లు, అంతే. లీలత్తా అని పిలిచేవాణ్ణి.

"సారూ, మీ లారీ జర తీయించుండ్రి. నా హోటల్ ఎవ్వలకూ కనవడ్తలేదు."

"తీపిస్త లీలక్కా. నాగ్‌పూర్ నుంచి కొత్త ఇరుసు రావాలె."

"ఎప్పుడొస్తది?"

"బయలెల్లింది."

(ఆ ఇరుసు ఇప్పటికీ బయలుదేరే ఉంది.)

వానలు సగమయ్యాయి. ఇరుసు రాలేదు. అప్పుడు ఎవరో చెప్పారు, పనికిరాని బండ్ల కోసం మన ఆఫీసులో ఒక విభాగమే ఉందని. విచారిస్తే నిజమే. దాని పేరు అచర వాహనాల విభాగం. దానికి ఒక అధికారి, పేరు రామకిషన్‌రావు. ఆయనకు ఒక అటెండరు, పేరు అంబదాస్. ఇద్దరికీ కలిపి ఒక గది, ఒక ఫ్యాను. ఫ్యాను కూడా తిరిగేది కాదు. ఆ విధంగా విభాగానికి తగినట్టే ఉండేది.

నేను ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి కాబట్టి అర్జీ నేనే రాశాను. రామకిషన్‌రావు దాన్ని శ్రద్ధగా చదివాడు. ఆయన చెడ్డమనిషి కాదని ఇక్కడే చెప్పాలి. లంచం అడగలేదు, కసురుకోలేదు, బెంచీ మీద కూర్చోబెట్టి మాట్లాడాడు. ఆయనకు ఉన్న ఒకే ఒక్క లోపం, నియమాలు తెలిసి ఉండటం.

"చూడమ్మా, ఇది మీకు తెల్వాలె. అచర వాహనాలు మూడు తీర్లు. వదిలేసినయి, తుక్కయినయి, ఇబ్బంది పెట్టేటియి. మీది ఎందులకొస్తది?"

"నాది గాదు సారూ, చొక్కారావు సారుది."

"ఆయనదని ఎరికే. తీరు చెప్పు."

లీలాబాయి ఆలోచించి, మూడూ అన్నది. అట్లా కుదరదు, ఒకటే ఎంచుకోవాలి అన్నాడాయన. సరే, వదిలేసిన బండి అనుకుందాం అన్నాం. వదిలేసిన బండి కావాలంటే దాని యజమాని ఊరు విడిచి కనబడకుండా పోయి ఉండాలి, లేదంటే తానే వచ్చి వదిలేశానని సంతకం చెయ్యాలి. చొక్కారావు కనబడకుండా పోలేదు. నిజానికి అప్పుడు ఆ ఆఫీసు వరండాలోనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. లీలాబాయి బయటికి వచ్చి అడిగింది.

"సారూ, ఆ బండిని వదిలేసిన్నని ఓ సంతకం జెయ్యుండ్రి. మా తిప్పలు మేం పడ్తం."

చొక్కారావు గ్లాసు కింద పెట్టాడు. మనసు కష్టపెట్టుకున్న మనిషిలా ముఖం పెట్టాడు.

"వదిలేసుడేందక్కా? నా బండిని నేనెందుకు వదిలేస్త? ఆడ పెట్టిన, గంతే. పెట్టుడు వేరు, వదిలేసుడు వేరు."

మొదటి తీరు పోయింది. రెండోది తుక్కు. బండి తుక్కయిందని తేల్చాలంటే మంచిర్యాలలో తూకం వేయించాలి. తూకానికి బండి వెళ్లాలి. నడిచి వెళ్లిందంటే అది తుక్కు కాదు. నడిచి వెళ్లకపోతే తూకం పడదు, తూకం పడకపోతే తుక్కని రాయరాదు. ఇందులో తప్పు పట్టడానికి నాకైతే ఏమీ కనబడలేదు. కనబడి ఉంటే నేను ఎనిమిదో తరగతికి పోయేవాణ్ణి.

ఇక మిగిలింది మూడోది, ఇబ్బంది. ఎన్ని బండ్లకు ఇబ్బంది అవుతుందో చూసి రమ్మని అంబదాస్‌ను పంపించారు. అంబదాస్ పొద్దంతా హోటల్ బెంచీ మీద కూర్చుని చూశాడు. ఒక్క బండి రాలేదు. లారీ అడ్డం ఉందని తెలిసినవాళ్లు అంతకుముందే వేరే దారి పట్టారు. అంబదాస్ రొట్టెలు తిన్నాడు (ఆ వారానికి ఆమెకు అదే పెద్ద గిరాకీ), వెళ్లి "ఇబ్బంది పడిన బండి ఏదీ లేదు" అని చెప్పాడు.

"నేను ఇబ్బంది పడ్తున్న గద సారూ?" అన్నది లీలాబాయి.

రామకిషన్‌రావు జాలిగా చూశాడు. "నువ్వు బండివి గాదు గదమ్మా. ఇబ్బంది బండ్లకు గావాలె."

మా వాడలో షరీఫ్ అని మెకానిక్ ఉండేవాడు. హోటల్ పక్కనే అతని షెడ్డు. ఈ ముచ్చటంతా విని కడుపుబ్బ నవ్వాడు.

"అరె లీలక్కా, కాయితాలతోటి లారీ జరుగుతదా ఎక్కడన్న? ఇంజన్ ఉన్నప్పుడే జరగలే. నువ్వు ఫికర్ జెయ్యకు. బాయి దిగినోళ్లను పిలుస్త. ఏక్ ధక్కా, బస్."

అన్నట్టే షిఫ్టు దిగిన వాళ్లను పిలిచాడు. వాళ్లు నెత్తి మీది టోపీలు తీసి బెంచీ మీద పెట్టి, భుజాలు ఆనించి, ఒక్క పెట్టున నూకారు. లారీ మూలిగింది. విరిగిన ఇరుసు నేలను గీకింది. నాలుగడుగులు జరిగి, ఇక చాలన్నట్టు ఆగింది. అప్పటిదాకా హోటల్ ఒక మూల అయినా రోడ్డు మీదికి కనబడేది. ఇప్పుడు లారీ వెనక భాగం సరిగ్గా వాకిట్లోకి వచ్చి, ఆ మూల కూడా మూసుకుపోయింది.

"నీ ధక్కా పాడుగాను" అన్నది లీలాబాయి.

"ఇంకోసారి నూకుదమా అక్కా?"

"నూకు. ఇంట్లకే నూకు. పొయ్యి మీద పెట్టుకుంట."

రెండోసారి నూకడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. పొద్దంతా భూమి లోపల బొగ్గు నూకి వచ్చినవాళ్లు మరి.

ఈ కబురు ఆఫీసుకు చేరింది. రామకిషన్‌రావు మొదటిసారి గది దాటి మా వాడకు వచ్చాడు. నేల మీది గీతలు వంగి చూశాడు. ముఖం వికసించింది.

"కదిలింది!" అన్నాడు.

"మేం నూకినం సాబ్" అన్నాడు షరీఫ్.

"ఎవలన్న నూకనియ్యి. కదిలిందా లేదా?"

"కదిలింది గని..."

"అయితే ఇది కదిలే బండి. మా విభాగం కదలనియ్యి చూస్తది. అమ్మా, నీ అర్జీ ఇగ మా దగ్గర నడవదు."

మళ్లీ కదలని బండిగా గుర్తింపు రావాలంటే అది కొంతకాలం కదలకుండా నిలకడ చూపించాలని చెప్పాడు. లీలాబాయి ఆ రోజు నుంచి లారీ దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. పిల్లలు ఎక్కితే కసురుకునేది. మేక ఒకటి టైరుకు వీపు రుద్దుకుంటే దాన్నీ తరిమింది.

ఇట్లా ఉండగా దసరా వచ్చింది. అసలు కథ ఇక్కడే దారి తప్పింది.

మా దిక్కు దసరా పొద్దున ఇనుమన్నది ఏదీ బోసిగా ఉండదు. సైకిల్ కడుగుతారు, కుట్టుమిషన్ కడుగుతారు, కత్తిపీట కడుగుతారు. అన్నిటికీ బొట్టు, అన్నిటికీ పూలు. షరీఫ్ కూడా పానాలన్నీ నూనెతో తుడిచి వరసగా పేర్చి, పైన ఒక బంతిపువ్వు పెట్టేవాడు. గిరాకీలు అడుగుతారని. లీలాబాయి పొయ్యికి, కొడవలికి, చిల్లుల గరిటెకు బొట్టు పెట్టింది. బతుకమ్మకు తెచ్చిన బంతిపూలు ఇంకా మిగిలాయి. తలెత్తి చూస్తే ఎదురుగా వాకిట్లో అంత ఇనుము. ఏ పూజా లేకుండా.

నేను వెళ్లేసరికి ఆమె లారీ ముందు భాగం కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, దండ వేస్తోంది.

"లీలత్తా, పొద్దున లేస్తె దాన్ని తిడ్తవ్. మల్ల బొట్టెందుకు?"

"తిట్టుడు తిట్టుడే. పండుగ పండుగే." టైర్ల కింద నిమ్మకాయలు పెడుతూ అన్నది. "అది జేసిన పాపమేంది? పాపం నిలబెట్టినోనిది."

సాయంత్రం రామకిషన్‌రావు భార్యాబిడ్డలతో జమ్మిచెట్టు దగ్గరి నుంచి వస్తూ మా వాడ మీదుగానే పోయాడు. బంతిపూల దండ చూశాడు. ఆగాడు. మాకు జమ్మి ఆకు పెట్టి నవ్వాడు. మేమూ నవ్వాం.

పండుగ సెలవులు అయిపోగానే లీలాబాయికి పిలుపు వచ్చింది.

"దసరానాడు ఆ లారీకి బొట్టు పెట్టినవా?"

"పెట్టిన సారూ."

"దండ?"

"ఏసిన."

"నిమ్మకాయలు?"

"పెట్టిన."

"ఎక్కడ?"

"ఎక్కడ పెడ్తరు సారూ, టైర్ల కిందనే."

రామకిషన్‌రావు కుర్చీలో వెనక్కి వాలాడు. "నిమ్మకాయ టైరు కింద పెట్టిందంటే బండి నడుస్తదని నమ్మకం ఉన్నట్టు. రాసుకో అంబదాస్."

వాహనాన్ని కడిగి, పూజించి, దాని ప్రయాణం సుఖంగా సాగాలని కోరుకున్నవారిని ఆ వాహనానికి సంరక్షకులుగా భావించాలని నియమం ఉందట. (ఎవరు పెట్టారో గానీ, మన ఆచారాలు తెలిసినవాళ్లే పెట్టారు.) ఆ రోజు నుంచి లారీ యజమాని చొక్కారావు, సంరక్షకురాలు లీలాబాయి. యజమాని చేయాల్సింది ఏమీ లేదు. సంరక్షకురాలు మాత్రం టైర్లలో గాలి చూసుకోవాలి, కింద మొలిచిన గడ్డి పీకాలి, సందె వేళ ఎర్రగాజు లాంతరు వేలాడదీయాలి.

"ఇంకొకటి" అన్నాడు రామకిషన్‌రావు. "ఇగ ఆ బండి ఎవలకన్న అడ్డమైతె జవాబు నువ్వే చెప్పాలె."

"నాకే అడ్డమున్నది గద సారూ!"

"అయితే నీకు నువ్వే జవాబు చెప్పుకోవాలె. అది మీ ఇంటి ముచ్చట. ఆఫీసు మధ్యల రాదు."

లీలాబాయి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. లారీని పై నుంచి కింది దాకా చూసింది. బాడుగకు తీసుకున్న ఇంటిని చూసినట్టు చూసింది. తర్వాత షరీఫ్‌ను పిలిచింది.

"షరీఫూ, పక్క తలుపులు కిందికి దిగుతయా?"

"దిగుతయి. ఎందుకక్కా?"

"జవాబు చెప్పుకోవాలన్నరు గద. చెప్పుకుంట."

షరీఫ్ తుప్పు గొట్టి లారీ తలుపులు దించాడు. నలుగురు పట్టి పొయ్యి పైకి ఎక్కించారు. ఆమె తల్లి జైనూర్ దిక్కు నుంచి తెచ్చిన పెద్ద ఇనుప పెనం, లీలాబాయి మొదటి కాన్పుకు పుట్టింటికి పోయినప్పుడు ఇచ్చిందట, అదీ ఎక్కింది. రెండు బెంచీలు ఎక్కాయి. పైన టార్పాలిన్ కట్టారు. మర్నాడు షిఫ్టు దిగినవాళ్లు బాయి దగ్గరి నుంచే చూశారు, లారీ మీద నుంచి పొగ లేస్తోంది. అంటుకుందేమో అని పరుగెత్తి వచ్చారు. వచ్చినవాళ్లు వాసన చూసి ఎక్కి కూర్చున్నారు.

పొద్దంతా భూమి కింద వంగి పనిచేసిన మనిషికి, అంత ఎత్తున కూర్చుని గాలికి రొట్టె తినడం ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి. కింద పోయేవాళ్లను పేరు పెట్టి పిలిచి ఎగతాళి చేసేవాళ్లు. "ఎక్కురా, బొంబాయి పోతున్నం" అనేవాళ్లు. లారీ హోటల్ అనే పేరు దానంతట అదే వచ్చింది. నస్పూర్ నుంచి సైకిళ్ల మీద వచ్చి తిన్నవాళ్లు ఉన్నారు. ఆ చలికాలం పిండి మిగలలేదు.

ఆఫీసులో మాత్రం కలవరం మొదలైంది. లీలాబాయి దగ్గరి నుంచి అర్జీ రావడం మానేసింది. ఆరోగ్యం బాగుందో లేదో కనుక్కొని రమ్మని రామకిషన్‌రావు అంబదాస్‌ను పంపాడు. అంబదాస్ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చాడు. బాగుందని చెప్పాడు. ఆమె ఆరోగ్యమా, రొట్టె సంగతా అన్నది స్పష్టంగా చెప్పలేదు.

ఒకరోజు చొక్కారావు వచ్చి లారీ కింద నిలబడ్డాడు.

"గిరాకీ మంచిగున్నట్టున్నది లీలక్కా."

"మీ దయ సారూ. ఇరుసొచ్చిందా?"

"బయలెల్లింది."

ఆయన కూడా ఎక్కి రొట్టె తిన్నాడు. తింటూ బెంచీల దిక్కు చూశాడు, టార్పాలిన్ దిక్కు చూశాడు, నిలబడి తింటున్నవాళ్ల దిక్కు చూశాడు. దిగి, ఇంటికి పోకుండా నేరుగా ఆఫీసుకు పోయాడు. ఆ లారీని తన ఇష్టపూర్వకంగా వదిలేశానని సంతకం చేశాడు. వానాకాలమంతా బతిమాలినా రాని సంతకం, ఒక్క పూట రొట్టె తింటే వచ్చింది. లీలాబాయి చేతిలో అంత గుణం ఉందని అప్పటిదాకా మాకూ తెలియదు.

మర్నాడు పొద్దున్నే క్రేను వచ్చింది. వెంట రామకిషన్‌రావు వచ్చాడు. అప్పటికే పొయ్యి మండుతోంది, లీలాబాయి మొదటి రొట్టె వేసింది.

"దిగమ్మా. బండి వదిలేసిన బండి అయింది. ఆఫీసు తీసుకపోతది."

"నేను సంరక్షకురాలిని గద సారూ?"

"ఓనరుంటెనే సంరక్షకులు. ఓనరే వదిలేసినంక నువ్వెవరమ్మా?"

"జర ఆగుండ్రి. పొయ్యి మీద రొట్టె ఉన్నది."

"రొట్టె తీసుకో. రొట్టె నీదే" అన్నాడాయన, ఉదారంగా.

"పెనం?"

రామకిషన్‌రావు నిజంగానే ఇబ్బంది పడ్డాడు. వదిలేసిన బండి మీద ఉన్న సామానంతా బండితోపాటు వదిలేసినట్టే లెక్క. రొట్టె వేడిగా ఉంది కాబట్టి దాన్ని వదిలేసినట్టు అనుకోలేం, అందుకని ఇచ్చేస్తున్నాను అన్నాడు.

"పెనం గూడ వేడిగనే ఉన్నది సారూ!"

ఆయన తలెత్తి పెనం దిక్కు చూశాడు.

"చల్లారుతది" అన్నాడు.

క్రేను లారీని లేపింది. టార్పాలిన్‌తో, బెంచీలతో, పెనంతో సహా లారీ గాలిలో ఊగుతూ పోయింది. లీలాబాయి చేతిలో రొట్టె పట్టుకుని చూస్తూ నిలబడింది. షరీఫ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అతనికి కూడా నవ్వు రాలేదు.

లారీని ఆఫీసు ఆవరణలో పెట్టారు. ఆఫీసు సరిగ్గా బాయి రోడ్డు మీదే ఉంటుంది. కొద్ది రోజులకే అందులో ఉద్యోగుల సౌకర్యం కోసం క్యాంటీన్ తెరిచారు. నడిపేది చొక్కారావు బామ్మర్ది. కార్మికులకు లారీ ఎక్కి తినడం అలవాటైపోయింది కదా, వాళ్లూ అక్కడికే వెళ్లారు. ఇటు లీలాబాయి హోటల్ ముందు జాగా అంతా విశాలంగా అయింది. షెడ్డు ఇప్పుడు ఎంత దూరం నుంచైనా కనబడేది. అందులో ఎవరూ లేరని కూడా అంతే బాగా కనబడేది.

పెనం ఇప్పించమని నేను ఒక అర్జీ రాశాను. జవాబు వచ్చింది. లీలాబాయికి చదివి వినిపించాను. హోటల్ ముందు ఉన్న లారీని అర్జీదారు కోరిన విధంగా తొలగించడమైనది, ఇందుమూలంగా ఈ వ్యవహారం ముగిసినది.

"నేనడిగిందే జేసిండ్రా?" అన్నది.

"నువ్వడిగిందే అత్తా."

ఆమె ఆ కాయితం మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత ఒక పగటిపూట చీర మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ క్యాంటీన్‌కు పోయింది. అందరిలాగే లారీ ఎక్కింది, అందరిలాగే డబ్బులిచ్చి రొట్టె తీసుకుంది. ఎదుటి బెంచీ మీద రామకిషన్‌రావు, అంబదాస్ తింటున్నారు. రామకిషన్‌రావు జరిగి చోటిచ్చాడు. ఆమె మొదటి ముక్క నమిలి మింగేదాకా మర్యాదగా ఆగి అడిగాడు.

"ఎట్లున్నదమ్మా?"

లీలాబాయి పొయ్యి దిక్కు చూసింది.

"పెనం మంచిది సారూ" అన్నది.

రామకిషన్‌రావు సంతోషించాడు. అర్జీదారు సంతృప్తి వ్యక్తం చేశారని రాసుకొమ్మని అంబదాస్‌కు చెప్పాడు.